రెండు చేతుల పాఠం

“నీ చేతులకేమైందే గోదారీ?”

అత్త వెంకటవ్వ ఆ మాట అడిగిన పొద్దున గోదావరి జొన్నరొట్టెలు చేస్తోంది. ఒక రొట్టె పెనం మీద కాలుతోంది, ఇంకో ముద్ద పీట మీద ఉంది. ఆ రెంటికీ మధ్య దొరికిన కాస్త సందులో ఆమె చేతులు ఊరుకోలేదు. కుడిచేతి వేళ్లు పీట అంచు మీద ఒకదాని తర్వాత ఒకటి లేచి పడుతున్నాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు చెప్పినట్టు వింటున్నాయి. ఉంగరపు వేలి దగ్గరికి వచ్చేసరికి అది మొండికేసి, పక్కనున్న చిటికెన వేలిని కూడా లాక్కుని లేస్తోంది. దాన్నొక్కదాన్నే లేపాలని గోదావరి పళ్లు బిగబట్టి చూస్తోంది. వెంకటవ్వ ఎంతసేపటి నుంచి గడపలో నిలబడి ఉందో ఆమెకు తెలియదు.

“ఏం కాలే అత్తా.”

“ఏం కాకుంటె గట్లెందుకు కొట్టుకుంటున్నయ్ వేళ్లు? నిన్న బోళ్లు తోముతుంటె సూసిన. మొన్న నిజామాబాద్ పొయ్యేటప్పుడు బస్సుల ముంగటి సీటు కడ్డీ మీద సూసిన. నాకు కండ్లు కానొస్తలెవ్వనుకున్నవా?”

రొట్టె ఒక పక్క మాడింది. గోదావరి దాన్ని తీసి తన పళ్లెంలో వేసుకుంది. ఆ ఇంట్లో మాడిన రొట్టెలు ఎవరివో అడగాల్సిన పని లేదు. “పియానో నేర్చుకుంటున్న అత్తా, వేళ్లకు పాఠం చెప్తున్న” అంటే ఒక్క ముక్కలో తేలిపోయేది. ఆ ముక్క ఆమె అనలేదు. ఎందుకంటే దాని వెంబడే ఇంకో ప్రశ్న వస్తుంది. ఎందుకు నేర్చుకుంటున్నవ్? నలభై ఏళ్లు దగ్గరపడుతున్న ఆడది, బోధన్‌లో, శక్కర్‌నగర్ పక్క గల్లీలో, పియానో ఎందుకు నేర్చుకుంటుంది? పిల్లలకు చెప్పడానికా అంటే కాదు. కచేరీ చేయడానికా అంటే నవ్వొస్తుంది. ఊరికే, తనకోసం అని చెప్పాలి. ఊరికే అన్న మాట ఆ ఇంట్లో ఆడవాళ్లెవరూ ఎప్పుడూ వాడలేదు.

గోదావరి చేతుల మీద ఆ ఇంటి కన్ను పడటం కొత్త కాదు. పెళ్లిచూపులకు గోదావరి పుట్టిన ఊరు నందిపేట్ వచ్చిన రోజున వెంకటవ్వ పిల్ల ముఖం తర్వాత చూసింది, ముందు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. “రోజుకెన్ని జేస్తది?” అని అడిగింది. బీడీలు. పాడుతుందా, చదువుకుందా అని కాదు. “వెయ్యికి తక్కువ చెయ్యది అక్కా” అని గోదావరి తల్లి గర్వంగా చెప్పింది. చెప్పి, కత్తెర, చేట ముందు పెట్టి చేయించి కూడా చూపించింది. తునికాకు కత్తిరించి, జర్దా పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి పడేస్తుంటే వెంకటవ్వ కళ్లు మెరిశాయి. సంబంధం అక్కడే ఖాయమైంది. అత్తవారింట్లో తొమ్మిదేళ్లు ఆ చేతులు బీడీలు చుట్టాయి. వంట చేస్తూ, పిల్లకు పాలిస్తూ, పుట్టిన ఆ పిల్ల జ్వరంతో పోయిన నెలలో కూడా చుట్టాయి. ఆ నెలలోనే ఎక్కువ చుట్టిందని వెంకటవ్వ తర్వాత నలుగురికీ చెప్పి మెచ్చుకుంది.

తర్వాత మొగుడు రామ్‌దాస్ షుగర్ ఫ్యాక్టరీ నౌకరీ వదిలి వీ.ఆర్.ఎస్. తీసుకున్నాడు. ముందుగదిలో పెళ్లిళ్ల వీడియో దుకాణం తెరిచాడు. కెమెరా భుజాన వేసుకుని ఊళ్లు తిరగడం, పెళ్లివారింట్లో మర్యాదలు అందుకోవడం అతని వంతు. తెచ్చిన మూడు నాలుగు గంటల వీడియోను కంప్యూటర్‌లో కోసి, అతికించి, పాటలు వేసి సీడీ చేసే పని గోదావరి వంతయింది. “కూసోని చేసే పనే గదా, నీ చేతులు జల్ది ఆడ్తయ్” అన్నాడు. వెనక గల్లీలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే హుస్నా వారం రోజులు వచ్చి నేర్పింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, మాట కరుకు, మనసు మెత్తన. గోదావరి నెల తిరగకుండా నేర్చుకుంది. దుకాణం బోర్డు మీద రామ్‌దాస్ పేరుంది. పెళ్లివాళ్లు వచ్చి “రామ్‌దాసన్న చెయ్యి పడితే సినిమానే” అంటే అతను వద్దనలేదు. లోపల కూర్చున్న మనిషి ఎవరని ఎవరైనా అడిగితే మాత్రం, “ఇంట్ల ఖాళీగనే ఉంటది, జర సాయం జేస్తది” అనేవాడు.

ఆ పియానో పెట్టె వచ్చింది 2006 చలికాలంలో. సినిమా పాటలే ఎన్నొద్దులు వేస్తం, మనమే మ్యూజిక్ కొట్టి వేద్దమని రామ్‌దాస్ హైదరాబాద్ వెళ్లి, మూడడుగుల పొడవున్న కీబోర్డు ఒకటి తెచ్చాడు. హార్మోనియం లాగా తెల్లవీ నల్లవీ నలభై తొమ్మిది మెట్లు. ముందుగదిలో పీట వేసి, దాని మీద పెట్టి, పసుపు కుంకుమ అద్ది, అగరుబత్తి వెలిగించి, కొబ్బరికాయ కొట్టారు. గల్లీలో సగం మంది వచ్చారు. రామ్‌దాస్ చేతులు తుడుచుకుని ఒక మెట్టు నొక్కాడు. చప్పుడు రాలేదు. ఇంకోటి నొక్కాడు. నాలుగు వేళ్లతో ఒకేసారి నొక్కాడు. చెవి ఆనించి విన్నాడు. బ్యాటరీలు ఎక్కడ వేయాలో అని బోర్లా తిప్పి చూస్తే, కుంకుమ అంతా పీట మీద రాలింది. “అన్నా, దాని గొంతు హైదరాబాద్‌లనే మర్చిపోయినవా ఏంది?” అని ఎవరో అంటే గది గొల్లుమంది. రామ్‌దాస్ ముఖం నల్లబడింది. గోదావరి వైపు తిరిగి, “కొబ్బరికాయ సరిగ్గ పట్టుకొమ్మంటె వినవు” అన్నాడు. కొబ్బరికాయ కొట్టింది అతనే.

మర్నాడు హుస్నా వచ్చి చూసి తల పట్టుకుంది. “ఇది మామూలు కీబోర్డు కాదన్నా. కంట్రోలర్ అంటరు. ఏ మెట్టు నొక్కినరో, ఎంత గట్టిగ నొక్కినరో వైరు తోని కంప్యూటర్‌కు చెప్తది, అంతే. సప్పుడు కంప్యూటరే చెయ్యాలె.”

“అంటె దీనికి సొంతంగ సప్పుడే లేదా?”

“లేదన్నా.”

“మరెందుకు చేసిన్రు గిసొంటిది?” అని రామ్‌దాస్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. కంప్యూటర్‌కు తగిలించి రెండ్రోజులు టింగు టింగుమనిపించి, తన వల్ల కాదని వదిలేశాడు. హుస్నా మాత్రం కంప్యూటర్‌లో పియానో చప్పుడు చేసే ప్రోగ్రాం ఎక్కించి వెళ్లింది. పెట్టెలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం సన్నటి పాఠాల పుస్తకం ఒకటి ఉంది. అది ఇంగ్లిష్‌లో ఉన్నా బొమ్మలున్నాయి. వేళ్లకు ఒకటి నుంచి అయిదు దాకా నంబర్లున్నాయి. ఒక మధ్యాహ్నం గోదావరి హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని, ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, ఒక తెల్ల మెట్టు నొక్కింది. చెవుల్లో పలికిన ఆ ఒక్క చప్పుడుకు ఆమె ఒళ్లు ఝల్లుమంది. ఆ చేతులతో ఇన్నేళ్లలో ఎన్ని పనులు చేసిందో, వాటిలో ఒక్కటీ ఆమెకు తిరిగి పలకలేదు.

అప్పటి నుంచి ఇరవై నిమిషాలు దొంగిలించడం మొదలైంది. దొంగతనమే అది, ఇంకో పేరు లేదు. వీడియో ముక్కలన్నీ అతికించాక వాటిని ఒకే సినిమాగా చేయడానికి కంప్యూటర్‌కు ఐదారు గంటలు పడుతుంది. రెండరింగ్ అంటారు. అది మొదలైతే ఇక దాన్ని ముట్టుకోకూడదు. కోత పని ముగించిన తర్వాత, రెండరింగ్ మొదలుపెట్టే ముందు, అత్త కునుకు తీసే ఆ కాస్త వేళ గోదావరిది. హుస్నా వచ్చినప్పుడు ఇంగ్లిష్ ముక్కలకు అర్థం చెప్పేది. నాలుగు నెలల్లో పది పాఠాలు అయ్యాయి. బీడీ చేతులు కదా, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ఉరికేవి. ఉంగరపు వేలికి మాత్రం జన్మలో ఎవరూ పని చెప్పలేదు, అది లేవనే లేదు. పదకొండో పాఠం దగ్గర రెండు చేతులూ కలిశాయి. కుడిచేయి ఒకటి వాయించాలి, ఎడమచేయి ఇంకోటి. ఆమె రెండు చేతులూ ఇన్నాళ్లూ ఒకే పని చేశాయి, ఒకటి పట్టుకుంటే ఇంకోటి చుట్టింది. ఇప్పుడు దేని మాట అది మాట్లాడాలి, రెండూ కలిసి ఒక్క పాట కావాలి. ఆ పేజీ చూసినప్పుడు గోదావరికి భయం, ఆశ రెండూ ఒకేసారి పుట్టాయి. ఈ ఒక్క పాఠం రెండు చేతులతో తప్పు లేకుండా వాయించి, చెవులారా వింటే చాలు, ఇంక ఏమీ అడగను అనుకుంది. ఎవరిని అడగను అనుకుందో ఆమెకే తెలియదు.

విడివిడిగా రెండు చేతులకూ పాఠం వచ్చేసింది. కలపాల్సిన సమయానికి పెళ్లిళ్లు ముంచుకొచ్చాయి. రోజూ రెండరింగే, ఒక్క నిమిషం సందు లేదు. పన్నెండు రోజులు ఓర్చుకుంది. పదమూడో రోజు మనసాగలేదు. రెండరింగ్ నడుస్తుండగానే వైరు తగిలించి పియానో తెరిచింది. తెర మీద బాణం గుర్తు ఆగిపోయింది. కంప్యూటర్ కొయ్యబారింది. సాయంత్రం మోస్రా నుంచి ఆశన్న వచ్చాడు. కూతురి పదహారు రోజుల పండుగ మర్నాడే, చుట్టాలందరికీ సీడీ చూపిస్తానని మాటిచ్చాడు. రామ్‌దాస్ ఆయనకు చాయ్ తెప్పించి, గోదావరిని ఆ ముందుగదిలోనే నిలబెట్టి, “ఆడోళ్ల చేతుల పెడితె గిట్లనే ఉంటది పెద్దమనిషీ, నాదే తప్పు” అన్నాడు. ఆశన్న మంచివాడు, “పోనీ తియ్యి, చెల్లెకు తెల్వక జరిగింది” అన్నాడు. ఆ జాలి గోదావరికి తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఆ రాత్రంతా మేల్కొని సీడీ పూర్తి చేసింది ఆమే. పొద్దున రామ్‌దాస్ పియానో ప్రోగ్రాంను కంప్యూటర్‌లోంచి తీసేశాడు. కీబోర్డును బీరువా మీద పడేశాడు.

ఆ తర్వాత ఏమైందంటే, ఏమీ కాలేదు. గోదావరి ఏడవలేదు, అలగలేదు. మధ్యాహ్నం అత్త కళ్లు మూతపడగానే స్టూలెక్కి కీబోర్డు దించి, వైరు లేకుండా, చప్పుడు లేకుండా, ఉత్త మెట్లు నొక్కడం మొదలుపెట్టింది. టక్ టక్ మని ప్లాస్టిక్ శబ్దం తప్ప ఏమీ రాదు. అదీ కుదరని రోజున వేళ్లు పీట మీద, బకెట్ అంచు మీద, దుప్పటి కింద ఆడేవి. వాటిని ఆపడం ఆమె చేతిలో లేకుండా పోయింది. అలా పడ్డాయి వెంకటవ్వ కంట్లో.

వెంకటవ్వ ఊరుకునే మనిషి కాదు, చెడ్డదీ కాదు. గురువారం నాడు వర్ని దారిలో గుట్ట మీది దర్గాకు తీసుకుపోయి, కోడలి మణికట్టుకు తాయెత్తు కట్టించింది. అలవాటు ప్రకారం గడప మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు చెప్పింది. “చేతులకేదో వట్టింది. ఒక్కతే కూసొని వేళ్లాడిస్తది. బంగారమసొంటి చేతులు, ఎవలి దిష్టి తాకిందో.” గల్లీ ఆడవాళ్లు గోదావరితో మాట్లాడుతూ ముఖం కన్నా ముందు చేతులు చూడటం మొదలుపెట్టారు. గోదావరి చీరకొంగులో చేతులు దాచుకుని నీళ్లకు పోయేది.

హుస్నా తాయెత్తు చూసి మొదట పకపకా నవ్వింది. తర్వాత కోపంతో ఆమె కళ్లు నిండాయి. “చెప్పెయ్ అక్కా. నేర్చుకుంటున్న అని చెప్పెయ్. తప్పేమున్నది గిండ్ల?”

“ఏమని చెప్తనే? బీమారనుకుంటె జాలిపడుతున్రు. ఇది నా షోకు అని చెప్తె?”

ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడానికి తను ఇంట్లో ఏమేం చెప్పి బయటికొస్తుందో హుస్నాకు గుర్తొచ్చింది.

తాయెత్తుతో తగ్గకపోయేసరికి నిజామాబాద్‌లో ఖలీల్‌వాడి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయారు. డాక్టర్ ఆమె నాడి పట్టుకుని రామ్‌దాస్‌ను అడిగాడు. ఎన్నాళ్ల నుంచి, నిద్ర పడుతుందా, ఆకలుందా, కోపమొస్తుందా. రామ్‌దాస్ అన్నిటికీ చెప్పాడు. ఆకలి బాగానే ఉందన్నాడు, కోపం ఎప్పుడూ రాదన్నాడు. తన నిద్రా, తన ఆకలీ, తన కోపమూ ఇంకో మనిషి నోట వింటూ గోదావరి గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది. డాక్టర్ నరాలకు మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే పగలంతా మగతగా ఉండేది. ఎన్ని నెలలు బతిమాలితే కాస్త విడిగా లేవడం నేర్చిన ఉంగరపు వేలు మళ్లీ బరువెక్కింది. మాత్ర మింగేటప్పుడల్లా ఆమె ఆ వేలిని చూసుకునేది. అయినా మింగింది. వెంకటవ్వ ఎదురుగా నీళ్ల చెంబు పట్టుకుని నిలబడేది మరి.

రెండోసారి పోయినప్పుడు వెంకటవ్వ కూడా వెంట వచ్చింది. డాక్టర్ బల్ల మీద చెయ్యి పెట్టించి ఒక్కొక్క వేలూ లేపమన్నాడు. ఉంగరపు వేలి దగ్గర ఆగి, “బీడీలు చేసేదా?” అని రామ్‌దాస్‌నే అడిగాడు. “తొమ్మిదేళ్లు జేసింది సార్” అన్నాడు రామ్‌దాస్. “అదే మరి. ఒకటే పని చేసిన వేళ్లు. ఒక్కో వేలికీ విడిగా పని చెప్పాలి. రోజూ అరగంట ఎక్సర్‌సైజు చేయించండి.”

వెంకటవ్వ ముఖం విచ్చుకుంది. “గంతేనా సారూ? మల్ల బీడీలు చేపిస్త. రేపే ఆకు తెప్పిస్త. వేళ్లకు పనైతది, ఇంటికి ఆసరైతది.”

“మంచిదే” అని డాక్టర్ కాగితం మీదికి వంగాడు. గోదావరికి కళ్ల ముందు ఆ తొమ్మిదేళ్లు తిరిగాయి. మళ్లీ ఆ చేట, ఆ జర్దా ఘాటు, ఆ వంగిన నడుము. మాట తనకు తెలియకుండానే బయటికొచ్చింది.

“బీడీలకు ఉంగరపు వేలుతోని పని లేదు సార్.”

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. రెండుసార్లు వచ్చిన ఆ గదిలో ఆమె మాట్లాడటం అదే మొదలు. అప్పుడు రామ్‌దాస్, కొత్త ఉపాయం తట్టినవాడిలా తొడ చరిచాడు. “అవ్వా, మనింట్ల గా మెట్ల పెట్టె ఉన్నది గదనే, బీరువ మీద. ఒక్కొక్క వేలుతోని నొక్కేది. నడుస్తదా సార్?” అదేమిటో అడిగి తెలుసుకుని డాక్టర్ నవ్వాడు. “భేషుగ్గా నడుస్తుంది. అంతకంటే మంచిది లేదు” అన్నాడు.

తిరుగు బస్సులో గోదావరికి కిటికీ పక్క సీటు దొరికింది. చెరుకు ట్రాక్టర్లు దారికడ్డం వచ్చి బస్సు గంట ఆలస్యమైనా ఆమెకు తెలియలేదు. డాక్టరే చెప్పాడు. రోజూ అరగంట. హుస్నా రేపే వచ్చి ప్రోగ్రాం ఎక్కిస్తుంది. పదకొండో పాఠం. చెవుల నిండా. ఇంటికొచ్చి, అందరికీ అన్నాలు పెట్టి, రామ్‌దాస్ తాంబూలం నములుతుండగా మెల్లగా అడిగింది. “హుస్నాను పిలుస్త. గా పియానో మల్ల కంప్యూటర్ల ఎక్కిస్తది.”

“ఎందుకే?”

“సప్పుడుకు.”

రామ్‌దాస్ నవ్వాడు. కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. న్యాయంగానే అడిగాడు. “ఎక్సర్‌సైజు వేళ్లకు గదా, చెవులకా? సప్పుడెందుకు? మల్ల సిస్టమ్ ఆగిందంటె నేనే జచ్చుడు.”

ఆమె జవాబు వెతికింది, నిజంగానే వెతికింది. నా కోసం అన్న రెండు మాటలు తప్ప ఏమీ దొరకలేదు. అవి ఆ గదిలో ఎవరికీ అర్థం కావు.

మర్నాటి నుంచి అరగంట మొదలైంది. ఇప్పుడు దొంగతనం కాదు, వైద్యం. నాలుగు కొట్టగానే రామ్‌దాసే బీరువా మీంచి కీబోర్డు దించి, తువ్వాలతో దుమ్ము దులిపి, నడిమి గదిలో బల్ల మీద పెట్టేవాడు. వెంకటవ్వ చిక్కుళ్లు గిల్లుతూ పక్కనే కూర్చుని, వచ్చినవాళ్లకు “మందు జేసుకుంటున్నది” అని చెప్పేది. వచ్చినవాళ్లు నిలబడి ఆమె వేళ్లను జాలిగా చూసి పోయేవారు. టక్ టక్ టక్. ఇన్నాళ్లూ ఆమెకు దొరకనిదేదో అదంతా దొరికింది, సమయం, బల్ల, ఇంట్లోవాళ్ల అనుమతి. ఒక్క పాట తప్ప. అడగాల్సింది అడిగేసింది, ఇంక ఎవరిని అడగాలో తెలియలేదు. రాత్రిళ్లు ఊపిరాడనట్టు లేచి కూర్చునేది.

ఒక రోజు, తాలూ పొట్టూ ఏరినంత మామూలుగా కూర్చున్న సాయంత్రం, రెండు చేతులూ కలిశాయి. కుడిచేయి తన మాట చెప్పుకుంటూ పోయింది, ఎడమచేయి తన మాట చెప్పుకుంటూ వచ్చింది. ఉంగరపు వేలు ఒక్కటే లేచి ఒక్కటే పడింది. మొదటి నుంచి చివరి దాకా ఒక్క తప్పు లేదు. ఎలా తెలుసంటే, వేళ్లకు తెలుసు. అది ఎలా వినిపించి ఉండేదో మాత్రం ఆమెకు తెలియదు. ఆ పాట ఈ లోకంలో ఎవరూ వినలేదు, వాయించిన మనిషి కూడా వినలేదు. ముందుగదిలో కంప్యూటర్ ఎవరిదో బారాత్ బ్యాండును హోరెత్తిస్తోంది. గోదావరి మెట్ల మీద చేతులు అలాగే ఉంచి, తల వంచి, ఎవరికీ కనబడకుండా ఏడ్చింది.

ఆ మరుసటి వారం రామ్‌దాస్ గుమ్మం తెర పక్కకు జరిపి లోపలికొచ్చాడు. ఆమె వేళ్లు చకచకా ఆడటం కాసేపు చూశాడు. ముఖం వెలిగింది.

“అరె, మస్తు లేస్తున్నయ్ గదనే వేళ్లు! తగ్గినట్టేనా ఇగ? తగ్గితె చెప్పు, మాత్రలు బంజెయ్యొచ్చు. బాల్కొండల ఒకాయన ఈ పెట్టె అడుగుతున్నడు, రేపే ఇచ్చేస్త. ఇంట్ల జాగ అడ్డం.”

వెంకటవ్వ చిక్కుళ్లు గిల్లడం ఆపి చూసింది. ఒక్క మాట చాలు. తగ్గింది అంటే మాత్రలు పోతాయి, తాయెత్తు పోతుంది, గల్లీలో తల ఎత్తుకుని నీళ్లకు పోవచ్చు. గోదావరి మెట్ల మీంచి రెండు చేతులూ తీసింది. మొగుడి ముందుకు చాపింది. జాగ్రత్తగా, బాగా సాధన చేసిన మనిషి లాగా, వాటిని వణికించింది.

“తగ్గలే” అంది.